పాత బండికి పవర్‌ కట్‌!

ఇంట్లో కరెంటు పోతే ఏం చేస్తాం? వాకిట్లోకొచ్చి పక్కింట్లో ఉందో లేదో చూస్తాం. ఉంటే మన ఫ్యూజు చూసుకుంటాం. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టుకుంటాం. మరి నడిరోడ్డు మీద కారులో కరెంటు పోతే? అక్కడా చేయాల్సింది అదే. కాకపోతే ఆ సంగతి మనకెవరూ చెప్పరు!

రాత్రి తొమ్మిదిన్నర. 2022 ఆగస్టు. గుడివాడ నుంచి విజయవాడకు వస్తున్నాం... నేనూ, అమ్మా. సన్నగా వాన. కంకిపాడు ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా స్పీడ్‌ బ్రేకర్‌ వచ్చింది. వేగం తగ్గించాను. ముందు చక్రాలు ఎక్కి దిగాయి.

అంతే... హెడ్‌లైట్లు, వైపర్లు, డ్యాష్‌బోర్డు, ఇంజన్‌... అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. తాళం తిప్పితే చిన్న ‘టిక్‌’ శబ్దం కూడా లేదు. హారన్‌ కొడదామంటే మోగదు. నాలుగు ఇండికేటర్లూ వేద్దామంటే వెలగవు. రోడ్డు మధ్యలో ఓ నల్లటి డబ్బా, అందులో ఇద్దరం!

అద్దంలో చూస్తే వెనక దూరంగా లారీ లైట్లు. అవి దగ్గరకొస్తున్నాయి. మేం ఇక్కడున్నామని ఆ డ్రైవర్‌కి తెలిసే దారే లేదు. ‘‘ముందు దిగవే’’ అని అమ్మ అరిచింది. దిగాం. పక్కనే టీకొట్టు దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని మార్జిన్‌లోకి తోశారు. లారీ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. పావు నిమిషం అటూ ఇటూ అయితే... ఆ ఆలోచన ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

కుర్రాళ్లలో ఒకడు బోనెట్‌ ఎత్తి, సెల్‌ఫోన్‌ వెలుగులో బ్యాటరీ మీదున్న తీగల్ని అటూ ఇటూ కదిపాడు. టక్కున హెడ్‌లైట్లు వెలిగాయి. ‘‘ఇంకేం లేదక్కా... పోనివ్వండి’’ అన్నాడు. ఏం జరిగిందో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. బతుకుజీవుడా అని ఇంటికి చేరాం.

కథ అక్కడితో అయిపోలేదు. అసలు కథ తెల్లారాక మొదలైంది.

బ్యాటరీ... డైనమో... ఆపైన తుక్కు!

ఆ కారు మారుతి 800. నాన్న 1998లో కొన్నది. ఆయన పోయాక అమ్మేద్దామని ఎన్నిసార్లు అనుకున్నా చేతులు రాలేదు. నా పదో తరగతి పరీక్షలకు నన్ను దింపింది అదే. నాన్నను ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్లిందీ అదే.

మర్నాడు మా వీధి చివర గ్యారేజీకి తీసుకెళ్లాను. ‘‘బ్యాటరీ పోయింది మేడమ్‌’’ అన్నారు. మార్చాం. మూడువేల ఎనిమిది వందలు. పది రోజులు బాగానే ఉంది. పదకొండో రోజు సిగ్నల్‌ దగ్గర మళ్లీ చీకటి! ‘‘అయితే డైనమో’’ అన్నారు. విప్పి బాగుచేశారు. రెండువేల ఆరొందలు. వారం తిరక్కుండా మూడోసారి ఆగింది. ఈసారి తేల్చిచెప్పేశారు... ‘‘వైరింగ్‌ మొత్తం కుళ్లిపోయింది. మార్చాలంటే పద్నాలుగు వేలవుతుంది. ఈ బండికి అంత ఎందుకు పెడతారు? తుక్కుకిచ్చేయండి’’ అని.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. కారు తాళాలు కొంగున ముడేసుకుని లోపలికెళ్లిపోయింది.

ఆఫీసులో ఓ పెద్దాయన చెబితే, ఆఖరి ప్రయత్నంగా ఆటోనగర్‌ వెళ్లాను. రేకుల షెడ్డు, పైన రంగు వెలిసిన ‘సెల్ఫ్‌, డైనమో వర్క్స్‌’ బోర్డు. అరవై దాటిన ఎలక్ట్రీషియన్‌. ఆయన బోనెట్‌ ఎత్తలేదు. ముందు స్టూలు చూపించి కూర్చోమన్నారు. ‘‘ఆగినప్పుడు ఏమేం ఆగాయమ్మా? ఏమైనా పనిచేశాయా?’’ అని అడిగారు.

అప్పటిదాకా నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లే లేరు!

అన్నీ ఆగాయని చెప్పాను. ఎప్పుడు ఆగిందన్నారు. కుదుపు వచ్చినప్పుడు, బండి నెమ్మదించినప్పుడు అన్నాను. తలూపి మల్టీమీటర్‌ తీశారు. ఒక కొనను బ్యాటరీ నెగెటివ్‌ దిమ్మ మీద, రెండోదాన్ని గేర్‌బాక్స్‌ మీద పెట్టి సెల్ఫ్‌ కొట్టమన్నారు. మీటర్‌ మీద రెండు వోల్టులకు పైగా చూపించింది. తీగను వేలితో కదిపితే ఆ అంకె గంతులేసింది. తీగ చివర తొడుగును బ్లేడుతో చీల్చారు. లోపల రాగి లేదు... పచ్చటి పొడి ఉంది. నాలుగైదు పోగులు మాత్రం ఎలాగో వేలాడుతున్నాయి.

‘‘చూశావా తల్లీ... ఇది తీగ కాదు, తీగ వేషం’’ అని నవ్వారు. కొత్త ఎర్త్‌ తీగ, దానికి క్లాంప్‌, ఆయన కూలి... అన్నీ కలిపి మూడొందల యాభై రూపాయలు. ఈ మాట రాస్తున్న రోజుదాకా ఆ కారు మళ్లీ అలా ఆగలేదు.

కొత్త బ్యాటరీ వేసినా జబ్బు ఎందుకు తగ్గలేదో అప్పుడర్థమైంది. ప్రతిసారీ ఆ కుళ్లిన తీగనే తెచ్చి కొత్తదాని నెత్తిన బిగించారు. విప్పి బిగించేటప్పుడు మిగిలిన పోగులు కాసేపు సర్దుకుని పదిరోజులు పనిచేశాయి. బండి పరుగెత్తుతున్నప్పుడు బ్యాటరీ సంబంధం తెగినా డైనమో ఒంటిచేత్తో కాసేపు లాక్కొస్తుంది. నెమ్మదించగానే, పైగా హెడ్‌లైట్ల బరువు కూడా ఉంటే, చేతులెత్తేస్తుంది. అందుకే ఎప్పుడూ స్పీడ్‌ బ్రేకర్‌ దగ్గరో, సిగ్నల్‌ దగ్గరో ఆగేది.

రెండు దారులూ ఉండాలి

ఆయన చెప్పిన మొదటి పాఠం... కరెంటుకు వెళ్లే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే ముఖ్యం. ఇంట్లో ప్రతి బల్బుకీ రెండు తీగలుంటాయి. కారులో చాలావాటికి ఒకటే ఉంటుంది. రెండోది కారు ఇనుప ఒళ్లే! కరెంటు బ్యాటరీ పాజిటివ్‌ నుంచి తీగలో బయల్దేరి, బల్బు వెలిగించి, బాడీ ఇనుములోంచి బ్యాటరీ నెగెటివ్‌కు చేరుతుంది. దాన్నే ఎర్త్‌ అంటాం. ఆ దారిలో తుప్పు పట్టినా, బోల్టు వదులైనా కరెంటు ఇంటికి చేరదు. పాజిటివ్‌ వైపు ఎన్ని వేలు పోసినా ఫలితం ఉండదు.

మరి అంత చిన్న తుప్పు బండినే ఆపేస్తుందా? లెక్క చూడండి. సెల్ఫ్‌ మోటారు ఇంజన్‌ను తిప్పేటప్పుడు చిన్న కారులో కూడా దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఒక ఓమ్‌లో యాభయ్యో వంతు నిరోధం అడ్డుపడినా 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. రెండు హెడ్‌లైట్లకు కలిపి తొమ్మిది పది ఆంపియర్లు చాలు. అందుకే లైట్లు బాగా వెలుగుతున్నా సెల్ఫ్‌ మాత్రం మొరాయిస్తుంటుంది. ‘లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ కనెక్షన్‌ బాగానే ఉంది’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

పాత బండ్లకే ఈ తిప్పలెందుకంటే... ఇరవై ఏళ్ల వానలు, ఇంజన్‌ వేడి, గోతుల కుదుపులు. మన కోస్తా ఊళ్లలో అయితే తేమ, ఉప్పుగాలి అదనం. బ్యాటరీ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తీగ తొడుగులోకి దూరి రాగిని తినేస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల గుల్ల. దానికి తోడు మనం పెట్టించుకునే హంగులు... పాటల సిస్టమ్‌, ఫాగ్‌లైట్లు, నాలుగు రాగాల హారన్‌. ఒక్కోదానికీ ఒక్కో తీగను కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేస్తారు. పదేళ్లకు ఆ టేపు జిగురు కరిగిపోయి ముడి విడిపోతుంది.

ఏమేం పోయాయి? ఏమేం ఉన్నాయి?

ఇంట్లో కరెంటు పోయినప్పుడు పక్కింటివైపు చూసినట్టే, బండి ఆగినప్పుడు చేయాల్సిన తొలి పని ఇదే. రూపాయి ఖర్చు లేదు. తాళం ‘ఆన్‌’లో పెట్టి హెడ్‌లైట్లు, హారన్‌, లోపలి లైటు, వైపర్లు, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు... ఒక్కొక్కటీ చూడండి.

అన్నీ పోయాయా? అయితే జబ్బు మూలంలో ఉంది. బ్యాటరీ, దాని రెండు క్లాంపులు, ఎర్త్‌ తీగ, బ్యాటరీ పక్కనుండే మెయిన్‌ ఫ్యూజు... ఈ నాలుగింటిని దాటి వెళ్లక్కర్లేదు.

హారన్‌, లోపలి లైటు ఉన్నాయి. తాళం తిప్పితే పనిచేసేవి మాత్రం పోయాయా? అనుమానం ఇగ్నిషన్‌ స్విచ్‌ మీద. చాలా బండ్లలో హారన్‌, లోపలి లైటు లాంటివి తాళంతో పని లేకుండానే పనిచేస్తాయి. మిగతావన్నీ తాళం వెనకున్న స్విచ్‌ గుండా రావాల్సిందే.

ఒకటో రెండో పోయాయా? ఒకవైపు ఇండికేటర్‌, వైపర్‌... ఇలా. అప్పుడు ఆ ఒక్క ఫ్యూజు, ఆ ఒక్క రిలే, ఆ ఒక్క ఎర్త్‌ చూస్తే చాలు.

లైట్లు మెల్లమెల్లగా మందగించి, గుడ్డివెలుగై, చివరికి బండి ఆగిందా? అది తెగిన తీగ పని కాదు. డైనమో చార్జింగ్‌ ఇవ్వక, బ్యాటరీ తన సొమ్ము తాను తినేసిందన్నమాట. ఫ్యాన్‌ బెల్టు తెగిందేమో, జారుతోందేమో చూడండి.

ఎందుకు చెబుతున్నానంటే... ఆ రాత్రి మా బండిలో అన్నీ ఒక్కసారే పోయాయి. కదిపితే వచ్చాయి. గ్యారేజీలో ఎవరైనా ఆ రెండు ముక్కలూ విని ఉంటే మొదటి రోజే మూడొందల యాభైతో పోయేది!

అయిదొందల్లో ఆస్పత్రి

పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల చిన్న బల్బు, దానికో హోల్డర్‌, రెండు తీగ ముక్కలు, ఒక చివర మొసలినోరు క్లిప్పు. ఇదే టెస్ట్‌ ల్యాంపు. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎలక్ట్రికల్‌ షాపుల్లో మామూలు డిజిటల్‌ మల్టీమీటర్‌ రెండు మూడొందల్లో దొరుకుతుంది. వీటికి తోడు 10 నంబరు స్పానర్‌, ఉప్పుకాగితం, పాత టూత్‌బ్రష్‌, వంటసోడా, కాస్త వాజిలీన్‌. అంతే.

ఒక జాగ్రత్త... టెస్ట్‌ ల్యాంపు కార్బురేటర్‌ కాలపు బండ్లకే. కంప్యూటర్‌తో నడిచే ఇంజన్లు, ఎయిర్‌బ్యాగులు ఉన్న బండ్లలో బల్బుతో తీగలు పొడిస్తే ఖరీదైన భాగాలు దెబ్బతినొచ్చు. వాటికి మల్టీమీటరే వాడాలి. ఎయిర్‌బ్యాగు తీగలు సాధారణంగా పసుపురంగు తొడుగులో ఉంటాయి. వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

మెట్టు తర్వాత మెట్టు

ఒకటి... క్లాంపులు. ఇంజన్‌ ఆపి, తాళం తీసేయండి. బ్యాటరీ దిమ్మల మీదున్న క్లాంపును చేత్తో తిప్పి చూడండి. కొంచెమైనా తిరిగితే వదులైనట్టే. తెల్లటి, పచ్చటి పొడి ఉంటే విప్పి కడగాలి. విప్పేటప్పుడు నెగెటివ్‌ ముందు, పాజిటివ్‌ తర్వాత. బిగించేటప్పుడు పాజిటివ్‌ ముందు, నెగెటివ్‌ చివర. ఎందుకంటే నెగెటివ్‌ తగిలి ఉండగా పాజిటివ్‌ దగ్గర తిప్పుతున్న స్పానర్‌ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వలు లేస్తాయి. కప్పు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్దితే పొడి నురగలై పోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. కడిగి, ఆరనిచ్చి, దిమ్మనూ క్లాంపు లోపలి వైపునూ ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్ది బిగించండి. బిగించాక పైన వాజిలీన్‌ పూయండి. ముందే పూసి బిగించొద్దు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని మా పెద్దాయన అనుభవం.

రెండు... బ్యాటరీ వోల్టేజీ. మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఉదయాన్నే కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగం. 12కు తక్కువైతే దాదాపు ఖాళీ. ఇప్పుడు ఎవరినైనా సెల్ఫ్‌ కొట్టమని మీటర్‌ చూడండి. 9.6 కంటే కిందికి జారిపోతే బ్యాటరీని చార్జి చేసి మళ్లీ పరీక్షించాలి. నిండా చార్జి చేశాక కూడా అంతే జారితే బ్యాటరీ ఆయువు తీరినట్టే. అప్పుడు కొనండి కొత్తది, అంతకుముందు కాదు.

మూడు... ఎర్త్‌. మా బండి జబ్బు పట్టిన పరీక్ష ఇదే. మీటర్‌ ఒక కొన నెగెటివ్‌ దిమ్మ మీద పెట్టాలి. క్లాంపు మీద కాదు, సీసపు దిమ్మ మీదే. రెండో కొన ఇంజన్‌ మీద రంగు లేని ఇనుము మీద. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్‌ వేసి సెల్ఫ్‌ కొట్టించండి. 0.2, 0.3 వోల్టుల దాకా ఫర్వాలేదు. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో అడ్డుంది. ఇప్పుడు ఇంజన్‌ మీది కొనను బాడీ మీదకు మార్చి, హెడ్‌లైట్లు వేసి చూడండి. తీగను కదుపుతూ చూడటం మరిచిపోవద్దు. ఎర్త్‌ తీగ బాడీకి తగిలే బోల్టు విప్పి, కింద తుప్పు, రంగు గీకి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. తీగ మెత్తగా వంగకుండా కొయ్యలా బిగుసుకుపోయినా, తొడుగు ఉబ్బినా దాన్ని మార్చేయడమే.

నాలుగు... ఫ్యూజులు. కంటితో చూసి బాగుందనుకోవద్దు. లోపలి తీగ వెంట్రుకంత పగిలినా పైకి కనిపించదు. టెస్ట్‌ ల్యాంపు క్లిప్పును బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, రెండో కొనను ఫ్యూజుకు రెండువైపులా తాకించండి. రెండువైపులా వెలిగితే మంచిది. ఒకవైపే వెలిగితే ఫ్యూజు పోయింది. ఎటువైపూ వెలక్కపోతే అసలు అక్కడికి కరెంటే రావట్లేదు, వెనక్కి వెళ్లి వెతకాలి. బ్యాటరీ పక్కనుండే మెయిన్‌ ఫ్యూజుకూ ఇదే పరీక్ష. కాళ్లుండే చిన్న ఫ్యూజుల్లో రంగే అంకె... ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయిన రంగుదే వేయాలి.

అయిదు... ఇగ్నిషన్‌ స్విచ్‌. తాళాన్ని ‘ఆన్‌’లో ఉంచి మెల్లగా అటూ ఇటూ కదపండి. డ్యాష్‌బోర్డు లైట్లు మిణుకుమిణుకుమంటే దొంగ దొరికినట్టే. స్టీరింగ్‌ కింద ఆ స్విచ్‌కు వెళ్లే ప్లాస్టిక్‌ కప్లర్‌ గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వేసినా అక్కడ వదులు కనెక్షన్‌ వేడెక్కుతోందని అర్థం. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బొమ్మ అన్నీ ఆ ఒక్క రింగుకే వేలాడదీస్తే ఆ బరువుకు స్విచ్‌ అరిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఆరు... డైనమో. ఇంజన్‌ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలిస్తే సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. హెడ్‌లైట్లు వేసి, కాస్త యాక్సిలరేటర్‌ ఇచ్చినా 13.5 దిగకూడదు. ఇంజన్‌ ఆగి ఉన్నప్పుడున్న అంకే నడుస్తున్నప్పుడూ ఉంటే చార్జింగ్‌ లేదు. 15 దాటితే రెగ్యులేటర్‌ అదుపు తప్పింది, బ్యాటరీ ఉడికిపోతుంది. చార్జింగ్‌ లేదనగానే కొత్త డైనమో కొనక్కర్లేదు. చాలాసార్లు అరిగేది లోపలి కార్బన్‌ బ్రష్షులే. వాటి ఖరీదు వందల్లోనే.

రాత్రికి రాత్రే ఖాళీ అవుతుంటే...

కొందరి బండి దారిలో ఆగదు. మూడు రోజులు వాడకపోతే చాలు, నాలుగో రోజు లేవదు. అంటే దొంగచాటుగా ఏదో కరెంటు తాగుతోంది. డిక్కీలో ఆరిపోని అయిదు వాట్ల బల్బు చాలు... అది లాగేది 0.4 ఆంపియర్లు. 35 ఆంపియర్‌ అవర్ల చిన్నకారు బ్యాటరీని మూడున్నర రోజుల్లో పూర్తిగా ఎండగడుతుంది. అంతకు చాలాముందే సెల్ఫ్‌ తిరగడం మానేస్తుంది.

దీన్ని పట్టాలంటే అన్నీ ఆపి, తలుపులు వేసి, నెగెటివ్‌ క్లాంపు విప్పండి. మీటర్‌ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, క్లాంపుకూ దిమ్మకూ మధ్య మీటర్‌ పెట్టండి. ఈ స్థితిలో సెల్ఫ్‌ మాత్రం కొట్టొద్దు, మీటర్‌ కాలిపోతుంది. 0.05 ఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజూ పీకుతూ మీటర్‌ చూడండి. ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. తర్వాత కలిపిన పాటల సిస్టమ్‌ను, హారన్‌ రిలేనూ ముందు అనుమానించండి.

ఇవి మాత్రం వద్దు

ఫ్యూజు పోయిందని సిగరెట్‌ పెట్టెలోని వెండికాగితం, రాగిపోగు చుట్టేవాళ్లున్నారు. ఫ్యూజు కాలేది తీగ కాలకుండా ఉండేందుకు. దాన్ని ఆపితే కాలేది తీగ, ఆ తర్వాత బండి. కొత్త ఫ్యూజు వెంటనే మళ్లీ పోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోందని అర్థం. పెద్ద నంబరు వేయడం మందు కాదు.

డైనమో పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇంజన్‌ నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు పీకే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఇంకా ఉంది. వోల్టేజీ ఎగిసి డైనమోలోని డయోడ్లు పోతాయి. వద్దని మొహమాటం లేకుండా చెప్పండి.

బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్‌ వాయువు వస్తుంది. చిన్న నిప్పురవ్వకే పేలగలదు. వేరే బండి బ్యాటరీతో స్టార్ట్‌ చేయాల్సివస్తే పాజిటివ్‌కు పాజిటివ్‌ కలిపి, మంచి బ్యాటరీ నెగెటివ్‌ తీగ రెండో చివరను ఆగిన బండి బ్యాటరీకి కాకుండా దాని ఇంజన్‌ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించమనేది అందుకే.

కాలిన వాసన వచ్చినా, పొగ కనిపించినా పరీక్షలన్నీ పక్కన పెట్టేయండి. మనుషులు దిగి దూరం జరగాలి. వీలైతే నెగెటివ్‌ క్లాంపు లాగేయండి. ఆ తర్వాత పని ఎలక్ట్రీషియన్‌దే.

రోడ్డు మీద ఆగిపోతే

బండి కదులుతుండగానే కరెంటు పోతే బ్రేకు తొక్కేయొద్దు. ఉన్న వేగంతోనే ఎడమ మార్జిన్‌లోకి మళ్లించండి. తాళం మాత్రం వెనక్కి తిప్పి తీయొద్దు, స్టీరింగ్‌ లాక్‌ అవుతుంది. ఇంజన్‌ ఆగితే బ్రేకు గట్టిపడుతుంది, బలంగా తొక్కాలి. ఆగాక అందరూ రోడ్డు వైపు కాకుండా అవతలి వైపు దిగాలి. ఎర్ర త్రికోణాన్ని బండికి వెనక బాగా దూరంగా పెట్టండి. హైవే మీదైతే ఇంకా దూరం. లేకపోతే ఓ చెట్టుకొమ్మ అయినా సరే! అన్ని లైట్లూ ఆరిన బండికి వెనకవాళ్లు కనిపెట్టగలిగే గుర్తు అదొక్కటే. ఆ రాత్రి మా డిక్కీలో టార్చి లేదు, త్రికోణం లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. వాటి పక్కనే ఓ మల్టీమీటర్‌, నాలుగు రంగుల ఫ్యూజులు, 10 నంబరు స్పానర్‌ ఉన్న చిన్న సంచి కూడా.

పాత బండిని జీవితాంతం అట్టిపెట్టుకోవాలని కాదు. బాడీ తుప్పుపట్టి నేల కనిపిస్తున్నా, తీగల తొడుగులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నా వదిలేయడమే క్షేమం. కానీ మూడొందల తీగ కోసం బండిని తుక్కుకు పంపేయడం మాత్రం, పంటి నొప్పికి తల తీసేసుకోవడమే.

మొన్న మళ్లీ ఆటోనగర్‌ వెళ్లాను. పెద్దాయన ఓ ఆటో కింద దూరి ఉన్నారు. యజమాని ‘‘బ్యాటరీ మార్చేయనా?’’ అని కంగారుపడుతున్నాడు. కిందనుంచి గొంతు వినిపించింది... ‘‘ఆగవయ్యా... ముందు ఏమేం ఆగాయో చెప్పు!’’

మా ఇంట్లో కారు తాళాలు అమ్మ కొంగునుంచి మళ్లీ గోడ మీది కొక్కేనికి చేరాయి. ఆదివారం గుడివాడ వెళ్దామంటే అమ్మే ముందు సిద్ధమైపోతోంది. బయల్దేరేముందు బోనెట్‌ వైపు చూసి మాత్రం ఓ మాట అంటుంది... ‘‘ఆ తీగ ఓసారి కదిపి చూడవే’’ అని.